నెత్తిన చెయ్యి

ఒక దేశం కలిగిన దేశమో కాదో తేల్చాల్సి వస్తే మీరు ఎవరి కంచంలోకి తొంగిచూస్తారు? మేడమీద ఉన్నవాడి కంచంలోకా, ఆ మేడకు ఇటుకలు మోసినవాడి కంచంలోకా? లేక ఏ కంచమూ చూడకుండా, పత్రికలో అచ్చయిన పట్టిక చూసి, పైన ఉన్న దేశాలకు దండం పెట్టి ఊరుకుంటారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ ప్రశ్న నాది కాదు. దీన్ని నా మీదికి విసిరిన మనిషి ఈమధ్యే చనిపోయారు.

ఆ కబురు తెలిసిన కొద్దిరోజులకు ఏన్కూరులో బస్సు కోసం ఆగి ఒక హోటల్లో చాయ్ తాగుతున్నాను. గోడమీద టీవీలో ఒకాయన ఊగిపోతున్నాడు. మన దేశం ఫలానా దేశాన్ని దాటేసిందట, ఇక పైన నాలుగు దేశాలు కూడా లేవట. నా ఎదురుగా కూర్చున్న మిర్చి రైతు మీసం దువ్వి, "ఇగ మనల్ని ఆపెటోడు లేడు" అన్నాడు. పక్క బెంచీమీద ట్రాక్టరు డ్రైవరు ఒకతను అరచెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకున్నాడు.

"మొత్తం సరే బాబాయ్, తలకెంత?"

హోటలాయన గరిటెతో సహా బయటికి వచ్చాడు. "బోణీ వేళ నెత్తిన చెయ్యేందిరా! తియ్యి ముందు. నా కొంప ముంచుతవా?"

నేను చాయ్ గ్లాసు బల్లమీద పెట్టేశాను. ఆ చెయ్యి నాకు తెలుసు. అరచెయ్యి బోర్లించి నడినెత్తిన పెట్టడం, మోచెయ్యి పక్కకు చాచడం, తల కొంచెం వంచి ఎదుటివాడి జవాబు కోసం చూడటం. అచ్చం నా మీదికి ఆ ప్రశ్న విసిరిన ఆమే.

"ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావయ్యా?" అని అడిగాను.

"నేర్చుకునుడేంది సార్? మా దిక్కు అందరం గట్లనే అడుగుతం. తలకెంత అని అడగాలంటే తల చూపియ్యాలె గద!"

అతను ఆమె పేరు ఎప్పుడూ వినలేదు.

ఆమె పాల్వంచలో ఒక జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. సొంత ఊరు పెనుబల్లి దగ్గర. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. పొట్టి మనిషి. గొంతు మాత్రం మైకు అవసరం లేనిది. పిల్లలు ఆమెకు 'సగటు మేడం' అని పేరు పెట్టారు. వెనకనుంచి ఆ పిలుపు వినబడితే ఆగి, వెనక్కి తిరిగి, "సగటు మనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదర్రా. మీకెక్కడన్నా కనిపిస్తే కాఫీకి తీసుకురండి, మాట్లాడాలి" అనేవారు.

నెత్తిన చెయ్యి పెట్టుకుంటే మన ప్రాంతంలో ఏమంటారో మీకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో కూర్చునే తీరు అది. చిన్నపిల్లలు తెలియక పెట్టుకున్నా ముసలమ్మలు చేతిమీద ఒక్కటిస్తారు. ఆమె సరిగ్గా అందుకే దాన్ని ఎంచుకున్నారు. క్లాసులో ఎవరైనా ఒక దేశం పేరు చెప్పి 'గొప్ప దేశం' అంటే చాలు, చెయ్యి నెత్తిమీదికి వెళ్లేది. పరీక్షల ముందు ఇలా చేసి కాలేజీకి అరిష్టం తెస్తోందని ఒక లెక్చరరు ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేశాడు. పిలిపిస్తే ఈమె వెళ్లి, ప్రిన్సిపాలు ఎదురుగా కూర్చుని, మళ్లీ నెత్తిన చెయ్యి పెట్టుకుని, "సార్, ఈ కాలేజీలో తలకెంత బెంచీ వస్తుందంటారు?" అని అడిగారు. నేలమీద కూర్చుంటున్న సెక్షన్లకు ఆ ఏడాది బెంచీలు వచ్చాయి. అరిష్టం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

'మనం' అనే మాట కూడా ఆమె ముందు వాడకూడదు. "మనం ఎదిగాం" అంటే, "మనం అంటే ఎవరెవరు? పేర్లు చెప్పు" అనేవారు. జిల్లాల్ని విడగొట్టినప్పుడు, అంతకుముందు అడవి మండలాలు కొన్ని అవతలి రాష్ట్రానికి పోయినప్పుడు, ఆమెకు అదొక పండగ. "పొద్దున్నే లేచేసరికి మీ జిల్లా సగటు మారిపోయింది. ఒక్క ఇంట్లోనైనా కూర మారిందా? వెళ్లి చూసి రండి" అని పిల్లల్ని పంపారట. వాళ్లు నిజంగానే వెళ్లి వంటిళ్లలోకి తొంగిచూసి తిట్లు తిని వచ్చారు.

నాకు ఆమె తగిలింది ఖమ్మంలో ఒక చర్చా సభలో. విషయం: దేవుడి మీద నమ్మకం దేశాలను వెనక్కి నెడుతుందా? నేను అనుకూలంగా మాట్లాడాను. ధనిక దేశాల పట్టిక తీసి చదివాను. నార్వే, డెన్మార్క్, స్విట్జర్లాండ్, జపాన్. తలసరి ఆదాయంలో వీళ్లు ఎక్కడున్నారో చూడండి, వాళ్ల ప్రార్థనా మందిరాలు ఎంత ఖాళీగా ఉన్నాయో చూడండి, గుళ్లు ఖాళీ అయిన చోట ఖజానాలు నిండాయి అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. రెండో వరసలో ఒకావిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ వెనకాయన, "పాపం, ఎవరో పోయినట్టున్నారు" అని పక్కాయనతో అనడం వేదిక మీదికి కూడా వినబడింది.

ప్రశ్నల వంతు రాగానే ఆమె లేచారు.

"ఉపన్యాసం బాగుంది తమ్ముడూ. నార్వే వాళ్ల సముద్రం కింద చమురుందని చెప్పడం మర్చిపోయారు. చర్చి మూస్తే చమురు ఊరుతుందా?"

సభ నవ్వింది.

"మీరు చదివిన దేశాలవాళ్లకంటే అమెరికావాళ్లు చర్చికి ఎక్కువ వెళ్తారు. పట్టికలో కిందికేమీ పోలేదే? మీరు పట్టిక చదవలేదు. జాతకం చూసినట్టు చూశారు. మీకు కావలసిన గ్రహాన్ని మీకు కావలసిన ఇంట్లో కూర్చోబెట్టారు."

హేతువాదిని పట్టుకుని జ్యోతిష్కుడంటే ఎలా ఉంటుంది? నేను మైకు పట్టుకుని అరిచినంత పని చేశాను. "అయితే పట్టికలన్నీ బూటకం అంటారా? కలిగిన దేశానికీ లేని దేశానికీ తేడా లేదంటారా?"

"అట్లా అనే దద్దమ్మని కాను నేను. తేడా ఉంది. అక్కడ పసిపిల్లలు బతుకుతున్నారు, ఇక్కడ పోతున్నారు. తలకెంత అని అడగడం మొదటి మెట్టు. అది అడిగారు, సంతోషం. రెండో మెట్టు ఎక్కలేదు. ఎవరి తల? లక్సెంబర్గ్ ఆ పట్టికలో అంత పైన ఎందుకుందో చెప్పండి చూద్దాం."

"బ్యాంకులు" అన్నాను.

"సగం చెప్పారు. మిగతా సగం కావాలంటే పాల్వంచ రండి. షిఫ్టు దిగే వేళకి."

కోపంతోనే వెళ్లాను. కోపం కంటే లోపల ఇంకోటి ఎక్కువ దొలుస్తోంది. పాల్వంచకూ లక్సెంబర్గుకూ ఏమిటి సంబంధం?

షిఫ్టు మారే సమయానికి ఆమె బస్టాపులో నిలబడి ఉన్నారు. విద్యుత్ కేంద్రం వైపునుంచి జనం టిఫిన్ క్యారేజీలతో వస్తున్నారు. కొందరు కాలనీ క్వార్టర్లకు నడుస్తున్నారు, ఎక్కువమంది బస్సులెక్కుతున్నారు. "వీళ్లెక్కడికి పోతున్నారు?" అని అడిగారు ఆమె. "ఊళ్లకు" అన్నాను.

"అదీ. లక్సెంబర్గ్ చిన్న దేశం. తెల్లారితే పక్క మూడు దేశాల నుంచి జనం వచ్చి అక్కడ పనిచేసి, పొద్దుగూకితే ఇళ్లకు పోతారు. వాళ్ల పని ఆ దేశం ఉత్పత్తిలో కలుస్తుంది. తలలు లెక్కపెట్టే వేళకి మాత్రం వాళ్ల తలలు పక్క దేశంలో దిండు మీద ఉంటాయి. భాగించేటప్పుడు తలలు తక్కువ పడ్డాయి, సగటు లేచింది. ఎవడూ అబద్ధం ఆడలేదు చూశావా? అదే దాని అందం!"

మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగారో నేను గమనించలేదు. అప్పుడే ఒక బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "లక్సెంబర్గ్! లక్సెంబర్గ్! ఎక్కాలె, జల్దీ ఎక్కాలె!" అని కేకేశాడు. అతను ఆమె పాత విద్యార్థి. జనం ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ బస్సు పేరు అదే అయిపోయింది.

అదే బస్సులో ఎక్కాం. దారి పొడుగునా ఆమె దేశాలను ఒక్కొక్కదాన్నీ తెచ్చి కిటికీ బయట నిలబెట్టారు. ఐర్లాండు బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లం లాంటిదట. కల్లం కట్టిన ఊళ్లో ఆకు కట్టలు గుట్టలుగా కనిపిస్తాయి, ఫోటో తీస్తే ఆ ఊరంత కలిగిన ఊరు లేదనిపిస్తుంది, లారీ రాగానే కల్లం ఖాళీ. పెద్ద పెద్ద విదేశీ కంపెనీల లాభాలు ఐర్లాండు లెక్కలో అలా దిగి, అలా వెళ్లిపోతాయి. "వాళ్లు తెలివైనవాళ్లు తమ్ముడూ. ఇది మాది కాదని వాళ్లే ఒప్పుకుని, లారీ పోయాక మిగిలేది ఎంతో వేరే లెక్క కట్టుకుంటున్నారు. అట్లాంటి సిగ్గు అందరికీ ఉండదు."

స్విట్జర్లాండులో ఒక్క క్షవరానికయ్యే డబ్బుతో మన దగ్గర ఒక వీధంతా గుండు కొట్టించుకోవచ్చని, అందుకే ధరలు సరిచూడకుండా జీతాలు పోల్చేవాడికి ముందు గుండు కొట్టించాలని అన్నారు. అమెరికావాడు ఫ్రాన్సువాడికంటే తలకి ఎక్కువ సంపాదిస్తాడు, కానీ ఫ్రాన్సువాడు ఏడాదిలో తక్కువ గంటలు పనిచేస్తాడు, గంటకెంత అని చూస్తే ఇద్దరి మధ్య దూరం చాలావరకు తగ్గిపోతుందన్నారు. "మిగిలిన గంటల్లో ఫ్రాన్సువాడు ఏం చేస్తాడో ఏ పట్టికా చెప్పదు. పడుకుంటాడో, పెళ్లాంతో పోట్లాడతాడో. ఆ పోట్లాటకి తీరిక ఉండటం కలిమి కాదా?"

టికెట్లు కొడుతూ వింటున్న కండక్టరు ఆగాడు. "గవన్నీ కాదు మేడం. ఏ దేశంల కండక్టరుకు మంచిగుంటది? అది జెప్పున్రి."

ఆమె నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. అతని వైపు తిరిగి, "అట్లా అడగాలిరా. ఆ లెక్క నా దగ్గర లేదు. వెతుకుతాను" అన్నారు. వెతికారో లేదో తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అతను "దొరికిందా మేడం?" అనేవాడు, ఆమె "ఇంకా లేదురా" అనేవారు.

ఆ రోజుల్లో నేను మా మిత్రబృందంతో అడవి అంచు గూడేల్లో తిరుగుతున్నాను. నిప్పుల మీద నడిచి చూపించడం, గాలిలోంచి విబూది తీసి ఎలా తీశామో చెప్పడం మా పని. ఆదివారాలు మేడం కూడా వచ్చేవారు. అలా వెళ్లిన ఒక గూడెంలో ముత్తమ్మ అనే కోయ స్త్రీ ఉంది. ఆమె పెద్ద కూతురికి ఫిట్స్ వచ్చేవి. బయటినుంచి బైకు మీద వచ్చే మంత్రగాడొకడు దయ్యమని చెప్పి, కోళ్లయిపోయాక మేకల దగ్గరికి వచ్చాడు. నేను వాడితో వాదించి, ఊరిముందు వాడి నిమ్మకాయ గుట్టు విప్పి, గెలిచాననుకున్నాను. నిజానికి గెలిచింది మందుల బండి. వెనకబడిన మండలాలకని ప్రభుత్వం వేసిన సంచార దవాఖాన వారానికోసారి ఆ గూడేనికి వచ్చేది. అందులో డాక్టరమ్మ పిల్లను చూసి, ఒక్కపూట కూడా మానకూడదని చెప్పి గోలీలు ఇచ్చింది. ఫిట్స్ తగ్గాయి.

నా ఉపన్యాసం ప్రభావం గురించి ముత్తమ్మ దగ్గర ప్రస్తావించాను. "నీ మాటలతోని తగ్గలె సారూ, గోలీలతోని తగ్గింది" అంది. మేడం రోడ్డు దాకా నవ్వుతూనే ఉన్నారు.

తర్వాత బండి ఆగిపోయింది. ఆ మండలంలో ఒక పెద్ద ఫ్యాక్టరీ కొత్తగా మొదలైంది. మండలం వెనకబడిన జాబితాలోంచి బయటపడింది. ముత్తమ్మ డబ్బాలో గోలీలు అడుగంటాయి. బైకు మళ్లీ వచ్చింది. ఆమె మరిది అప్పుడే మేకనివ్వడానికి ఒప్పుకున్నాడు. "గోలీలుంటె నేను ఆన్ని వాకిట్లకు రానియ్య. లేకుంటె ఏమని ఆపాలె?" అంది ముత్తమ్మ.

సోమవారం అర్జీల రోజున మేడం, ముత్తమ్మ, నేను ముగ్గురం కలెక్టరు ఆఫీసుకు వెళ్లాం. అధికారి చిన్నవయసువాడు, మర్యాదస్తుడు. కాగితం చూసి, "తలసరి ఆదాయం పెరిగింది మేడం. ఇది ముందున్న మండలం ఇప్పుడు. బండి వేరే చోటికి వెళ్లింది. నియమం అది" అన్నాడు.

ముత్తమ్మ అడుగు ముందుకేసింది. "తలసరి వచ్చిందా సారూ? మా ఊరికి రాలేదే. ఎవలు తీస్కపోయిన్రు?"

వరసలో ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ముత్తమ్మకు నవ్వెందుకో అర్థం కాలేదు. "నవ్వుడేంది? మేం వాగుల చేపలు వట్టినంక తలసరి పంచుతం. సంకల పిల్లకు గూడ ఒక కుప్ప. రాలేని ముసలోనికి గూడ ఒక కుప్ప. తలసరి వచ్చిందంటివి, మరి మా కుప్పలేవి?"

నేను పొంగిపోయాను. ఇంతకంటే గొప్ప జవాబు ఏముంది, ఇక్కడితో వాదం ముగిసింది అనుకున్నాను. మేడం పొంగిపోలేదు. ముత్తమ్మ వైపు తిరిగి, ఆ జనంలోనే పాఠం మొదలుపెట్టారు.

"కాదు ముత్తమ్మా, నువ్వు పొరపడ్డావు. నువ్వు చెప్పే తలసరి పంచాక వచ్చేది. ఆయన చెప్పే తలసరి పంచకుండా వచ్చేది. ఒకడు ఒంటరిగా అన్ని చేపలూ పట్టుకుని ఇంటికి పోయాడనుకో. ఊళ్లో తలలెన్నో చూసి, తలకిన్ని చేపలు అని కాగితం మీద రాస్తే, అది ఈయన తలసరి. ఆ చేప నీ పొయ్యిమీదికి రాదు. ఈ తేడా తెలుసుకోకపోతే నిన్ను మళ్లీ ఏమారుస్తారు."

ముత్తమ్మ ఆలోచించింది. "తినని చేపకు లెక్కెందుకు?"

"అవసరమే. వాగులో చేపలున్నాయో లేదో తెలుస్తుంది. ఎవరు తిన్నారో తెలియదు." అప్పుడు అధికారి వైపు తిరిగి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఈమె పొరపాటు పడింది బాబూ. ఈమెకి చదువు చెప్పలేదు మనం. మీ నియమం రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే కదా, వాళ్లూ ఇదే పొరపాటు పడ్డారే? పంచేసినట్టే అనుకుని బండి తీసేశారు."

"నెత్తిన చెయ్యి దియ్యి మేడం, నా బిడ్డకు మంచిది గాదు" అని ముత్తమ్మ ఆమె చెయ్యి పట్టి గుంజింది. మేడం చప్పున తీసేశారు. ప్రిన్సిపాలు ముందు తియ్యని చెయ్యి, ముత్తమ్మ ఒక్క మాటకు దిగింది. నేను తర్వాత దీనిమీద ఆమెను నిలదీశాను. మూఢనమ్మకానికి లొంగలేదా అన్నాను. "ఆమె భయపడేది చెయ్యికి కాదు తమ్ముడూ, గోలీలు లేని రోజుకి. ముందు గోలీలు రానీ, చెయ్యి సంగతి తర్వాత వాదించుకుందాం" అన్నారు.

అధికారి పోటీ పరీక్షలకు ధనిక దేశాల వరసంతా బట్టీ పట్టినవాడట. లక్సెంబర్గ్ ఎందుకు పైనుంటుందో మేడం అడిగితే చెప్పలేక, ఆసక్తిగా కుర్చీ ముందుకు జరిపాడు. వెనక అర్జీలవాళ్లు గొణుగుతుంటే, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లలో ఈ మండలంవాళ్లు ఎందరు, లాభం ఏ ఊరికి పోతుంది అని ఇద్దరూ కాగితం మీద గీతలు గీశారు. "నా చేతిలో లేదు మేడం. గ్రామాలవారీగా చూడాలని పైకి రాస్తాను" అన్నాడు. రాశాడు. బండి వానాకాలం పోయాక మళ్లీ వచ్చింది, వారానికి కాదు, రెండు వారాలకోసారి.

ఈలోపు గోలీలు ఆగలేదు. పాల్వంచ మందుల షాపులో మేడం కొన్న పొట్లాన్ని లక్సెంబర్గ్ బస్సు కండక్టరు గూడెం దారి మొదట్లో ముత్తమ్మ చేతికి దించేవాడు. మేక బతికింది. బైకు వాడు ఇంకో ఊరు చూసుకున్నాడు.

ఆమె పోయారని నాకు చెప్పింది కూడా ఆ కండక్టరే. ఫోను చేసి, "సార్, మేడం ఇంటికాడున్న. అందరం నెత్తిన చెయ్యి పెట్టుకుని కూసున్నం. ఈసారి లెక్కడగనీకి కాదు" అన్నాడు.

ముత్తమ్మ కూతురు రేపు పొద్దున కూడా గోలీ వేసుకోవాలి. ఆ బండి ఇంకా ఆ జాబితా దయమీదే నడుస్తోంది. జాబితాలు మళ్లీ తయారవుతాయి, అక్కడే కాదు, మీ మండలంలోనూ. ఒకరోజు మీ ఊళ్లోనో, మీ ఆఫీసులోనో, మీ టీవీలోనో ఎవరో ఒక సగటు చదువుతారు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. మీరు కొట్టకండి. లేచి నిలబడండి. అరచెయ్యి నడినెత్తిన పెట్టుకోండి. పక్కవాడు అరిష్టమని గుంజినా తియ్యకండి. తలకెంత అని అడగండి. జవాబు చెబితే, ఎవరి తల అని అడగండి. ముత్తమ్మ లాంటి తల్లి వచ్చి, గోలీలు అందాయి, ఇక తియ్యమని చెప్పేదాకా ఆ చెయ్యి దించకండి.